కంప్యూటర్ తెరవగానే సౌండ్ డ్రైవర్ లోపం: రెండుసార్లు ఫార్మాట్ చేసినా పోని సందేశం

మీ ఇబ్బందిని ముందు నా మాటల్లో చెబుతాను. నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. హనుమకొండలో మీకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కంప్యూటర్ పదేళ్లు దాటినది. విండోస్ 7తో కొన్నారు, తర్వాత విండోస్ 10కు మార్చారు. మే నెలలో గాలివానకు కరెంటు పోయిన రోజు నుంచి, ఉదయం తెరవగానే ఆడియో డ్రైవర్ (సౌండ్ చిప్‌ను నడిపే ప్రోగ్రామ్) సరిగా ఇన్‌స్టాల్ కాలేదన్న సందేశం తెర మధ్యలో తిష్ఠ వేస్తోంది. ఓకే నొక్కితే పోతుంది. ఒకరోజు శబ్దం వస్తుంది, ఒకరోజు రాదు. రీస్టార్ట్ చేస్తే మాత్రం చాలాసార్లు వస్తుంది. దుకాణంలో ఇచ్చి రెండుసార్లు ఫార్మాట్ చేయించారు. వారం తిరక్కుండానే సందేశం మళ్లీ వచ్చింది. ఇప్పుడేమో సౌండ్ చిప్ పోయింది, మదర్‌బోర్డు మార్చాలంటున్నారు.

మార్చకండి. చచ్చిపోయిన చిప్ రీస్టార్ట్ చేస్తే లేచి కూర్చోదు. మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా విలువైన ముక్క ఆ రీస్టార్ట్ సంగతే. ఫార్మాట్ చేసినవాళ్లు దాని గురించి మిమ్మల్ని అడిగి ఉండరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కాజీపేటలో నేను కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. సౌండ్ ఫిర్యాదులతో వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది ఒకేచోట పొరబడతారు. తెరమీద కనిపించిన సందేశాన్ని డ్రైవరే పంపిందనుకుంటారు. డ్రైవర్‌కు నోరు లేదు. అది విండోస్ లోపలి పొరల్లో కూర్చుని చిప్‌కూ మిగతా వ్యవస్థకూ మధ్య మాటలు మోస్తుంది, అంతే. దానికి ఏమైనా అయితే విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడుతుంది, జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో ఒక పంక్తి చేరుతుంది, మరీ ముదిరితే కంప్యూటర్ నీలితెర చూపించి ఆగిపోతుంది. ఓకే బటన్ పెట్టి మనతో మొరపెట్టుకునేది సాధారణంగా వేరే ప్రోగ్రామ్. డ్రైవర్‌తో పాటు వచ్చి గడియారం పక్కన స్పీకర్ బొమ్మతో కూర్చునే కంట్రోల్ ప్యానెల్ కావచ్చు, సగంలో ఆగిపోయిన ఇన్‌స్టాలర్ కావచ్చు. పెళ్లికొడుకు వేరే కారెక్కి మండపానికి వెళ్లిపోయినా, విడిదింటి ముందే నిలబడి ఆయన కోసం ఎదురుచూసే బ్యాండు మేళం లాంటిది అది. తన డ్రైవర్ కోసం వెతుకుతుంది, దొరకదు, గోల చేస్తుంది. ఈలోగా లోపల వేరే డ్రైవర్ తన పని తాను చేసుకుంటూనే ఉండవచ్చు.

అందుకే ఏదీ తీసేయకముందు, మాట్లాడుతున్నది ఎవరో పట్టుకోవాలి. రేపు ఉదయం సందేశం రాగానే ఓకే నొక్కకండి. ఫోనుతో ఒక ఫొటో తీయండి, పెట్టె పైఅంచున ఉండే పేరు కూడా కనబడాలి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. జాబితాలో అదే పేరును వెతికి, దానిమీద కుడి క్లిక్ చేసి, ఫైలు ఉన్న చోటును తెరవమనండి. తెరుచుకున్న ఫోల్డర్ పేరే సగం జవాబు చెబుతుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రియల్‌టెక్ (సౌండ్ చిప్‌లు తయారుచేసే కంపెనీ) పేరుతో ఉన్న ఫోల్డర్ అయితే అది కంట్రోల్ ప్యానెల్. తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్ అయితే ఎప్పుడో సగంలో ఆగిన ఇన్‌స్టాలర్. సందేశం అలా తెరమీద ఉండగానే ఒక పాట పెట్టండి. పాట వినబడితే డ్రైవర్ బాగానే ఉంది, గోల చేస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపేస్తే చాలు. వినబడకపోతే డ్రైవర్ దాకా వెళ్లాలి. రెండు మూడు రోజులు ఇలా చూసి ఏ రోజు ఏం జరిగిందో కాగితం మీద రాసుకోండి. శబ్దం వచ్చిన రోజు కూడా సందేశం వచ్చిందంటే అవి రెండు వేర్వేరు జబ్బులు. మీ విషయంలో అలాగే ఉంటుందని నా అనుమానం.

ఇక గాలివాన. రియల్‌టెక్ పాత ఇన్‌స్టాలర్లు రెండు విడతలుగా పనిచేసేవి. మొదట పాత డ్రైవర్‌ను తీసేసి రీస్టార్ట్ చేయమంటాయి, తెరిచిన తర్వాత కొత్తది ఎక్కిస్తాయి. ఆ రెండింటి మధ్య కరెంటు పోతే పాతదీ లేక, కొత్తదీ రాక, రోజూ తెరవగానే మిగతా సగం పూర్తిచేయాలని చూసే ముక్క ఒకటి మిగిలిపోతుంది. ఆ రోజు మీరు ఏదైనా అప్‌డేట్ చేస్తూ ఉన్నారా, విండోస్ తనంతట తాను చేసుకుంటోందా, గుర్తు తెచ్చుకోండి. యూపీఎస్ ఉందిగా అంటారేమో. దాని బ్యాటరీ మార్చి ఎన్నేళ్లయింది? మన దగ్గర చాలా ఇళ్లలో యూపీఎస్ అనేది కాళ్లు పెట్టుకునే పీటగా మారి చాలాకాలమైంది.

అయితే ఫార్మాట్ చేస్తే ఆ సగం ముక్క పోవాలి కదా, మళ్లీ ఎందుకు వచ్చింది? మే నెలలో వచ్చిన జబ్బూ, ఫార్మాట్ తర్వాత వచ్చిన జబ్బూ ఒకటే కాకపోవచ్చు. లక్షణం మాత్రం ఒకటే. కొత్తగా విండోస్ 10 ఎక్కించగానే మైక్రోసాఫ్ట్ సొంత ఆడియో డ్రైవర్ దానంతట అదే వస్తుంది. డివైస్ మేనేజర్‌లో హై డెఫినిషన్ ఆడియో డివైస్ అని కనిపించేది అదే. ఆ క్షణంలో మీ కంప్యూటర్‌లో శబ్దం ఉంది, సందేశం లేదు. అక్కడితో ఆపేసి ఉంటే మీరు నాకు ఇదంతా రాసేవారు కాదు. కాని దుకాణంలో కుర్రవాడు అలవాటు కొద్దీ పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత డ్రైవర్ల మూట విప్పుతాడు, లేదా బోర్డుతో వచ్చిన విండోస్ 7 నాటి సీడీ వేస్తాడు. దాంతో పాత డ్రైవరూ, దాని పాత కంట్రోల్ ప్యానెలూ వచ్చి కూర్చుంటాయి. మీరు ఇంటికి తెచ్చి ఇంటర్నెట్ కలుపుతారు. నాలుగైదు రోజుల్లో విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్న కొత్త డ్రైవర్‌ను తెచ్చి పాతదాని మీద వేస్తుంది. విండోస్ 10 కాలంలో వచ్చిన కొత్త తరహా డ్రైవర్లలో కంట్రోల్ ప్యానెల్ కలిసి ఉండదు, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వేరే యాప్‌గా వస్తుంది. పాత ప్యానెల్‌కు ఈ కొత్త డ్రైవర్ అర్థం కాదు. వారం తిరక్కుండానే సందేశం రావడం ఇందుకే. చెద పట్టిన గుమ్మానికి రంగు వేసినట్టు మూడోసారి ఫార్మాట్ చేయించినా ఇదే జరుగుతుంది.

శబ్దం వచ్చీరాకపోవడానికి కారణం మరొకటి. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. దాని వల్ల షట్‌డౌన్ నొక్కినప్పుడు కంప్యూటర్ పూర్తిగా ఆగదు. మీరు తెరిచిన ప్రోగ్రామ్‌లన్నీ మూసేసి, విండోస్ కేంద్రభాగాన్ని, అప్పటికి నడుస్తున్న డ్రైవర్లతో సహా, డిస్కు మీద ఒక ఫైలులో రాసి పడుకుంటుంది. ఉదయం తెరిస్తే ఆ ఫైలును తిరిగి చదువుకుని లేస్తుంది. అంటే నిన్న రాత్రి డ్రైవర్ ఏ స్థితిలో ఉందో ఈ ఉదయం అదే స్థితి. రీస్టార్ట్ అలా కాదు, అన్నిటినీ మొదటి నుంచి లేపుతుంది. షట్‌డౌన్ చేసి తెరిస్తే పాడు, రీస్టార్ట్ చేస్తే బాగు అని ఎవరైనా చెప్పగానే నేను ముందు చూసేది ఇదే. విండోస్ సొంత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట, ప్రస్తుతం మార్చడానికి వీల్లేని సెట్టింగులను తెరిచి, ఫాస్ట్ స్టార్టప్ ఎదురుగా ఉన్న టిక్ తీసేయండి. ఉదయం కంప్యూటర్ కాస్త ఆలస్యంగా లేస్తుంది, హార్డ్ డిస్కు మీద ఇంకొంచెం ఎక్కువ ఆలస్యం. టిక్ తీయకుండా ఒక్క రాత్రికి పరీక్షించాలంటే షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది.

మూడు రోజులు ఇలా నడిపాక శబ్దం నిలకడగా వస్తూ, సందేశం మాత్రం మిగిలిందనుకోండి. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనే పలక ఉంటుంది. అందులో రియల్‌టెక్ పేరుతోనో, ఆర్‌టీహెచ్‌డీ అని మొదలయ్యే పేరుతోనో ఉన్నదాన్ని డిసేబుల్ చేయండి. అక్కడ ఏమీ కనబడకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ అనే చిన్న పనిముట్టు తెచ్చుకోండి. తెరవగానే మొదలయ్యేవన్నీ అది వరుసగా చూపిస్తుంది. ఫైలు లేకుండా పేరు మాత్రమే మిగిలిన వాటిని పసుపు రంగులో చూపిస్తుంది. సౌండ్‌కు సంబంధించిన పసుపు వరుస కనబడితే దాని టిక్ మాత్రం తీసేయండి. మిగతా వాటి జోలికి పోవద్దు, ఆ జాబితాలో చేతికి దొరికినవన్నీ తీసేసి మర్నాడు నా దగ్గరికి మోసుకొచ్చినవాళ్లు ఉన్నారు.

శబ్దం కూడా రాకపోతే శుభ్రంగా తీసి మళ్లీ వేయాలి. ఇది ఆషాఢం కనుక స్టూడియోలో పని కాస్త తక్కువగానే ఉంటుంది, ఒక పూట కేటాయించండి. ఇంకా ఇవ్వని పెళ్లిళ్ల ఫైళ్లు ముందు వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. ఇంటర్నెట్ తీగ పీకేయండి, లేకపోతే మీరు తీస్తుండగానే విండోస్ మళ్లీ వేస్తుంది. ముందుగా ప్రోగ్రామ్‌ల జాబితాలోంచి ఆడియో డ్రైవర్ పేరుతో ఉన్నదాన్ని తొలగించి రీస్టార్ట్ చేయండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో సౌండ్, వీడియో అని ఉన్న శాఖ తెరిచి, మీ ఆడియో పరికరం మీద కుడి క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ అనండి. అప్పుడొచ్చే చిన్న పెట్టెలో, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తొలగించమనే ఒక గడి ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండా ఓకే నొక్కేస్తారు. కిటుకంతా ఆ గడిలోనే ఉంది. విండోస్ దగ్గర డ్రైవర్ల గిడ్డంగి ఒకటి ఉంటుంది, వేసిన ప్రతి డ్రైవర్ నకలూ అందులో దాచుకుంటుంది. గడిలో టిక్ పెట్టకపోతే పరికరం పేరు పోతుంది గాని గిడ్డంగిలో సరుకు అలాగే ఉంటుంది, మళ్లీ వెతకగానే అదే బయటికి వస్తుంది.

టిక్ పెట్టి తొలగించాక, పైన మెనూలో కొత్త హార్డ్‌వేర్ కోసం వెతకమని చెప్పండి. ఇప్పుడు మరో పాత డ్రైవర్ రావచ్చు. రెండుసార్లు, మూడుసార్లు వేసిన కంప్యూటర్లలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మళ్లీ టిక్ పెట్టి తీసేయండి, మళ్లీ వెతకమనండి. డ్రైవర్ ఇచ్చినవారి పేరు దగ్గర మైక్రోసాఫ్ట్ అని కనిపించేదాకా ఇలా చేయాలి. ఒక కంప్యూటర్‌లో నేను ఐదుసార్లు తీశాను.

మైక్రోసాఫ్ట్ డ్రైవర్ దగ్గరికి వచ్చాక ఆగి, పాట పెట్టి చూడండి. శబ్దం వస్తే, నా సలహా, ఇంకేమీ వేయకండి. ఎడిటింగ్‌కు అది చాలు. పోయేది ఏమిటంటే బాస్ పెంచడం, హాల్లో పాడినట్టు వినిపించడం లాంటి అలంకారాలు, 5.1 స్పీకర్ల అమరిక (ఐదు స్పీకర్లు, ఒక బాస్ స్పీకర్), కంప్యూటర్ ముందు వెనుక ఉండే స్పీకర్, మైకు రంధ్రాలను వేర్వేరుగా వాడుకునే వీలు. పెళ్లి వీడియో చేసేవారికి ఆ అలంకారాలు లేకపోవడమే మేలు. బాస్ పెంచిన స్పీకర్లలో విని మీరు సన్నాయిని సరిచేస్తే, అది మీ స్టూడియోలో నిండుగా ఉంటుంది, పెళ్లివారి ఇంట్లో టీవీలో పీలగా వినబడుతుంది. ముందువైపు మైకు పనిచేయకపోతేనో, 5.1 తప్పదనుకుంటేనో మదర్‌బోర్డు తయారీదారు సైట్ నుంచి, బోర్డు మీద ముద్రించిన మోడల్ పేరు చూసి, ఆ బోర్డుకు ఇచ్చిన డ్రైవర్ మాత్రమే తెచ్చుకోండి. వేసిన తర్వాత విండోస్ అప్‌డేట్ దాన్ని మళ్లీ మార్చకుండా, డ్రైవర్లను తనంతట తాను తెచ్చుకునే సెట్టింగ్‌ను ఆపేయండి. మీ డ్రైవర్లు పాతబడ్డాయని భయపెట్టి డబ్బు అడిగే అప్‌డేటర్ ప్రోగ్రామ్‌లను గడప తొక్కనివ్వకండి. నా దగ్గరికి వచ్చిన సౌండ్ కేసుల్లో అవి మొదలుపెట్టినవి తక్కువేమీ కాదు.

మీ చిప్ ఏదో తెలుసుకోవాలంటే డివైస్ మేనేజర్‌లో దాని వివరాల పలకలో హార్డ్‌వేర్ ఐడీ చూడండి. వెన్ (VEN) అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాల తర్వాత 10ఈసీ (10EC) ఉంటే రియల్‌టెక్. ఆపైన డెవ్ (DEV) తర్వాత 0887 ఉంటే అది ఏఎల్‌సీ887 చిప్. 1106 ఉంటే వయా, 14ఎఫ్1 ఉంటే కోనెక్సెంట్. 8086 కనిపిస్తే ఇంటెల్, 1978లో వచ్చిన తమ ప్రాసెసర్ సంఖ్యనే వాళ్లు ఇక్కడా పెట్టుకున్నారు. 10డీఈ ఎన్‌విడియా, 1002 ఏఎండీ. ఈ చివరి రెండూ గ్రాఫిక్స్ కార్డు నుంచి హెచ్‌డీఎంఐ తీగలో వెళ్లే శబ్దానికి కూడా కనిపిస్తాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చిన రోజున విండోస్ ఒక్కోసారి శబ్దాన్ని మానిటర్ వైపు మళ్లిస్తుంది. మానిటర్‌కు స్పీకర్ ఉండదు, మనమేమో సౌండ్ పోయిందని దుకాణానికి పరిగెడతాం. గడియారం పక్కన స్పీకర్ బొమ్మ నొక్కి ఏ పరికరం ఎంపికలో ఉందో చూస్తే పది సెకన్ల పని.

పసుపు గుర్తు ఉంటే, ఆ పరికరం ప్రాపర్టీస్‌లో కనిపించే కోడ్ సంఖ్య ముఖ్యం. 28 అంటే డ్రైవరే లేదు. 39 అంటే డ్రైవర్ ఫైలు పాడైంది లేదా దొరకలేదు. 52 అంటే దాని డిజిటల్ సంతకాన్ని సరిచూడలేకపోయింది. మూటల్లో వచ్చే డ్రైవర్లతో ఇది మామూలే. 10 అంటే పరికరం మొదలుకాలేదు, తలనొప్పి ఇదొక్కటే. 10 వస్తే సిస్టమ్ డివైసెస్ శాఖలో హై డెఫినిషన్ ఆడియో కంట్రోలర్ ఉందో లేదో చూడండి. చిప్ దానిమీద ఆధారపడి బతుకుతుంది, చెట్టు బాగాలేకపోతే కొమ్మకు మందు వేసి లాభం లేదు. ఆ కంట్రోలర్‌ను కూడా తొలగించి రీస్టార్ట్ చేయండి. దానికీ లొంగకపోతే కంప్యూటర్ ఆపి, గోడ ప్లగ్ తీసేసి, పవర్ బటన్ అరనిమిషం పట్టుకుని, కాసేపాగి తెరవండి. ప్లగ్‌లో ఉన్నంతసేపూ, ఆపిన కంప్యూటర్‌లో కూడా బోర్డుకు కొద్దిపాటి కరెంటు అందుతూనే ఉంటుంది. అది కూడా తెగితేనే చిప్ నిజంగా మొదటి నుంచి లేస్తుంది.

డ్రైవర్‌కు నోరు లేదన్నాను గాని ఒక మినహాయింపు ఉంది. ఈ పరికరంలో ఒక డ్రైవర్ లోడ్ కాలేకపోతోందని విండోసే తన సొంత పెట్టెలో చెబుతూ, కింద డ్రైవర్ ఫైలు పేరు ఇస్తే, అది మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఏర్పాటు పని. పాత డ్రైవర్ దాని పరీక్షలో తప్పింది. కొత్త డ్రైవర్ వేయడమో, మైక్రోసాఫ్ట్ డ్రైవర్‌తో సరిపెట్టుకోవడమో మంచిది. రక్షణ తీసేయమని ఎవరైనా చెబితే వినకండి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఉన్న కాస్త కాపలానూ పంపించేయడం ఎందుకు?

ఇంకొక్క సంగతి చూడండి. కొన్నేళ్ల కిందట వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణం కంప్యూటర్ నా దగ్గరికి వచ్చింది. మీదానిలాగే, రోజూ ఉదయం సౌండ్ డ్రైవర్ లోపం. అప్పటికే ఇద్దరు ఫార్మాట్ చేశారు. మూత విప్పగానే నేనూ, మా కుర్రవాడూ తుమ్ములు మొదలుపెట్టాం, ఫ్యాను రెక్కల మీద మిరప దుమ్ము ఎర్రగా అట్టకట్టి ఉంది. రెండు రోజులు నా దగ్గరే ఉంచాను, ఒక్కసారి కూడా లోపం రాలేదు. తిరిగి పంపాను, మర్నాడే ఫోను. నేనే వెళ్లి రాత్రి దుకాణం కట్టేదాకా కూర్చున్నాను. వెళ్లేముందు సేటు గోడ దగ్గర మెయిన్ స్విచ్ దించాడు. అప్పుడు వెలిగింది. ఆ బోర్డులోని సౌండ్ చిప్ ఎప్పుడో పాడైతే, ఎవరో దాన్ని బయోస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే, బోర్డు సొంత ప్రోగ్రామ్) ఆపేసి విడిగా ఒక సౌండ్ కార్డు పెట్టారు. బయోస్ సెట్టింగులను కాపాడే బొత్తాం బ్యాటరీ చచ్చిపోయింది. మెయిన్ దించిన ప్రతి రాత్రీ బయోస్ అంతా మరిచిపోయి, ఉదయం పాడైన చిప్‌ను మళ్లీ లేపుతోంది. విండోస్ దానికి డ్రైవర్ వెతికి ఓడిపోతోంది. నా దుకాణంలో కరెంటు ఎప్పుడూ తీయలేదు కనుక నాకు కనిపించలేదు. సీఆర్ 2032 బ్యాటరీ ఒకటి వేసి, చిప్‌ను మళ్లీ ఆపేశాను, అంతటితో సరి. సేటు నాకు టీ ఇప్పించి, ఫార్మాట్‌కు పెట్టిన డబ్బు ఎవరిని అడగాలని అడిగాడు.

మీరూ రాత్రి మెయిన్ దించే అలవాటున్నవారైతే, ఉదయం ఇంటర్నెట్ కలపకముందు కంప్యూటర్‌లో తేదీ చూడండి. ఏళ్ల కిందటి తేదీ కనిపిస్తే పైవన్నీ పక్కన పెట్టి ముందు ఆ బ్యాటరీ మార్చండి.

ఇన్ని చేసినా శబ్దం రాకపోతే, అప్పుడు కూడా మదర్‌బోర్డు మాట ఎత్తకండి. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొనుక్కోండి, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. వాటిలో చాలావాటికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది, విడిగా ఏమీ వేయనక్కరలేదు. బోర్డు మీది చిప్‌ను బయోస్‌లో ఆపేస్తే దాని గొడవ ఉండదు.

ఈలోగా నాకు మూడు సంగతులు రాయండి: సందేశం పెట్టె ఫొటో, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్న పరికరం కోడ్ సంఖ్య, హార్డ్‌వేర్ ఐడీలో వెన్, డెవ్ తర్వాతి అక్షరాలు. మీ కాగితం మీద రాసుకున్న మూడు రోజుల లెక్క కూడా జతచేస్తే, నేను ఊహించనక్కర లేకుండా చెప్పగలను.